యానాము కథ తెర కెక్కదా?

"రజాకార్" అను తెలుగు చిత్రము 2024 మార్చిలో విడుదల యైనది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో కలియుటకు ముందటి కుట్రలును, ఘోరములును దాని యితివృత్తము. దానిపై వాదములు పెక్కు జరిగినవి. వాని జోలికి నేను పోను. రహస్యమంతనములు, తుపాకులు తెరపై చూచి గుండెలు చిక్కబట్టుకొను మనము, మన గౌతమి యొడ్డుననే జరిగిన యట్టి కథ నొకదానిని మరచితిమి.

కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున యానాము కలదు. చుట్టును తెలుగునేల, ఏలుబడి మాత్రము ఫ్రెంచివారిది. ఈ చిత్రమైన యెల్ల మన యిండ్లలోని కెట్లు వచ్చెనో వినుడు. బాల్యవివాహములను నిషేధించు శారదా శాసనము 1930 ఏప్రిలునుండి బ్రిటిషు సీమలో అమలయ్యెను. యానామున అది చెల్లదు. అంతట మన పెద్దలు పలక పట్టవలసిన పిల్లలను బాసికములు కట్టి యచటికి గొనిపోయి, మూడుముళ్లు వేయించి తెచ్చుకొనసాగిరి. ఆ యూరికి "కల్యాణపుర"మని పేరే వచ్చెను! ఆచారనిష్ఠ యని వారనుకొనిరి గాని, చట్టమును తప్పించుకొనుటకు పరరాజు నీడ జేరుట నిష్ఠ యెట్లగును?

1947లో దేశము స్వతంత్రమైనను యానాము ఫ్రెంచివారి చేతిలోనే యుండెను. ఆ యూరివాడే యగు దడాల రఫేల్ రమణయ్య పూర్వము పుదుచ్చేరి పోలీసు శాఖలో పనిచేసినవాడు. ఆ దొరతనపు లోగుట్టు లెఱిగినవాడు. 1954 జూను 13వ తేదీన ఆయన వాలంటీర్లతో యానాము ప్రవేశించి, పాలనాభవనమును వశపఱచుకొని త్రివర్ణపతాక నెత్తించెను. ఒకరు దీనిని విమోచన మనిరి. ఒకరు కుట్ర యనిరి. చిత్రకథకు ఇంతకంటె నేమి కావలయును?

అటుపై కథ కాగితములకు మరలినది. ఆ యేటి అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచిసీమల ప్రతినిధులు 178 మంది సమావేశమై, 170 మంది విలీనమునకు సమ్మతించిరి. నవంబరు 1న పాలన భారతప్రభుత్వమునకు వచ్చెను. చట్టరీత్యా అప్పగింత మాత్రము 1962 ఆగస్టు 16న గాని పూర్తి కాలేదు. నేటికిని యానాము మన జిల్లాల నడుమ నుండియు పుదుచ్చేరిలోని భాగమే.

ఎవరైనను ఈ కథను తెర కెక్కింతురేని, పతాక నెత్తుటతో మొదలిడవలదని నా మనవి. ఎదురులంక రేవున పడవ యెక్కి, తల్లి యొడిలో నిదురపోవుచు కల్యాణపురమునకు తరలుచున్న చిన్నారి పెండ్లికూతును మొదట చూపుడు.