ఇసుకలో మట్టిని చేసుకున్నవారు

తువాలును మునిగిపోతున్న దేశమని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. కోనసీమ కొబ్బరితోటల్లో పెరిగిన నాకు ఆ మాట నచ్చదు. నాకు ముందు తలపుకొచ్చేవి అక్కడి పులకా గోతులు.

పసిఫిక్‌లో తొమ్మిది దీవులు, అన్నీ కలిపినా 26 చదరపు కిలోమీటర్లే. నది లేదు. పగడపు గుల్ల, ఇసుక. వాననీరు అందులోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలచగా నిలుస్తుంది. ఆ మంచినీళ్లు తగిలేదాకా గొయ్యి తవ్వి, ఆకూ అలమూ కుళ్లబెట్టి, చేమజాతి దుంప పులకాను పెంచుతారు. ఊరడానికి ఏళ్లు పడుతుంది. ఎరువు కిటుకు ఇంటి గుట్టు. ఎవరి దుంప పెద్దదన్నది ఊరి పరువు. విచ్చుకోని కొబ్బరి పూగెల కోసి, పూటపూటా కల్లు దించుతారు. పులవకముందు పిల్లలూ తాగుతారు, మిగిలింది పాకం కాస్తారు.

1978లో స్వతంత్రం వచ్చేనాటికి అమ్ముకోవడానికి ఎండుకొబ్బరి, తపాలా బిళ్లలు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఇప్పుడు ఖజానాకు పెద్ద ఆధారం ట్యూనా. విదేశీ పడవలు ఆ సముద్రంలో వేటాడాలంటే రోజు లెక్కన కట్టాలి. ఎవరికి వారే బేరమాడితే చులకనవుతామని నౌరు ఒప్పందంలోని ఎనిమిది దేశాలు ఏకమై, రోజుకు కనీసం 8,000 డాలర్లని గీత గీశాయి. ఇంటర్నెట్ చిరునామాల చివర దేశపు గుర్తుగా దక్కిన ‘.టీవీ’ మరో రాబడి. 2000లో ఐక్యరాజ్యసమితిలో చేరడానికి ఆ సొమ్మే అక్కరకొచ్చింది. నేను అన్నిటికన్నా మెచ్చుకునేది మాత్రం 1987లో పెట్టుకున్న ట్రస్టు నిధిని. ఫాస్ఫేటు సంపదను నౌరు దేశం చాలావరకు పోగొట్టుకుంటే, వీళ్లు అసలు సొమ్ము ముట్టకుండా రాబడితో నెట్టుకొచ్చారు.

సాయంత్రాలు ఊరి సావిడిలో ఫాతెలె అనే నాట్యం ఆడతారు. మధ్యలో కూర్చున్నవాళ్లు చెక్కపెట్టె మీద దరువేస్తూ పాడతారు. దరువు, ఆట, పాట అన్నీ జోరందుకుని ఒక్కసారిగా ఆగిపోతాయి. రెండు పక్షాలు పోటీపడితే రాత్రంతా సాగుతుంది.

ఇప్పుడు గోతుల్లోకి ఉప్పు ఊరుతోంది. ఉప్పెక్కిన చేను రైతును ఎలా కుంగదీస్తుందో మా వైపు చూశాను. కొందరు పులకాను సిమెంటు తొట్లలోకి మార్చారు. ఆస్ట్రేలియా ఏటా 280 మందికి ఇస్తానన్న వీసాలకు 2025లో తొలి విడతలోనే జనాభాలో దాదాపు ఐదింట నాలుగు వంతుల మంది పేర్లు నమోదుచేసుకున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వెళ్లినవాళ్లు ఎప్పుడైనా తిరిగి రావచ్చు. ఈలోగా రాజధాని ఫునాఫుటీలో మడుగు ఇసుక తోడి, అలలకు అందనంత ఎత్తున ఏడు హెక్టార్ల కొత్త నేల పోశారు.