చూడని మనిషి గురించి నూటికి నూరు

టెక్సస్‌లో మరణశిక్ష పడాలంటే జ్యూరీ ముందు ఒక ప్రశ్నకు జవాబు తేల్చాలి: ఈ మనిషి ఇకముందు కూడా హింసకు దిగి సమాజానికి ముప్పుగా ఉండే అవకాశం ఉందా? 1973 నాటి చట్టం తెచ్చిన ప్రశ్న ఇది. రేపటి సంగతి చెప్పమంటే మామూలు మనుషులు తెలిసినవాళ్ల వైపే చూస్తారు. అలా బోనెక్కినవాడు సైకియాట్రిస్టు జేమ్స్ గ్రిగ్సన్. వందకు పైగా మరణశిక్ష కేసుల్లో, దాదాపు ప్రతిసారీ ప్రాసిక్యూషన్ తరఫునే సాక్ష్యం చెప్పాడు.

థామస్ బేర్‌ఫుట్ కేసు చూడండి. పోలీసు అధికారిని చంపాడని రుజువైంది, శిక్ష తేలాలి. గ్రిగ్సన్ అతన్ని ఒక్కసారీ పరీక్షించలేదు. ప్రాసిక్యూటర్ బేర్‌ఫుట్ చరిత్రనే ఒక 'ఊహాజనిత వ్యక్తి' కథలా వినిపిస్తే, ఆ విన్నదాని మీదే రోగనిర్ణయం చేసేశాడు. ఒకటి నుంచి పది దాకా కొలిస్తే ఇతను పదికి పైనే అన్నాడు. మళ్లీ హింసకు పాల్పడటం నూటికి నూరు శాతం ఖాయమన్నాడు.

దీర్ఘకాలంలో ఎవరు హింసకు దిగుతారన్న అంచనాల్లో మూడింట రెండు తప్పుతున్నాయని ఈ కేసులో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషనే అమెరికా సుప్రీంకోర్టుకు రాసిచ్చింది. తమకు అంత తెలియదని వృత్తి సంఘమే ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయినా 1983లో మెజారిటీ జడ్జీలు ఆ సాక్ష్యాన్ని నిలబెట్టారు. ఎప్పుడూ తప్పేనని ఎవరూ అనడం లేదు, చాలాసార్లు తప్పంటున్నారంతే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిజం తేలుతుందన్నది వాళ్ల వాదన. జస్టిస్ బ్లాక్‌మన్ విభేదించారు. డాక్టరు మాటను జ్యూరీ ఎంతగా నమ్ముతుందో ఆయనకు తెలుసు. నా దృష్టిలో ఆయనదే సరైన తీర్పు. 1984 అక్టోబరులో బేర్‌ఫుట్‌కు శిక్ష అమలైంది.

పోనీ, పరీక్షిస్తే సరిపోతుందా? మరో కేసులో నిందితుడు ఎర్నెస్ట్ స్మిత్‌ను గ్రిగ్సన్ జైల్లో కలిసి తొంభై నిమిషాలు మాట్లాడాడు. విచారణను ఎదుర్కొనే మానసిక స్థితి ఉందో లేదో చూడటానికని జడ్జి పంపారు. స్మిత్ లాయర్లకు ఆ సంగతే తెలియదు. ఆ మాటలే తర్వాత, శిక్ష తేల్చే దశలో, స్మిత్ మెడకు చుట్టుకున్నాయి. 1981లో సుప్రీంకోర్టు ఆ మరణశిక్షను చెల్లదంది. డాక్టరు ఎదుట కూర్చున్నవాడు సాయం కోసమే నోరు విప్పుతాడు. అందుకే "నేను వైద్యం చేయడానికి రాలేదు, నువ్వు చెప్పేది కోర్టుకు వెళ్తుంది" అన్నది మొదటి మాట కావాలి. మాటల్లో పడి అతను అది మర్చిపోతే మళ్లీ గుర్తుచేయాలి.

ర్యాండల్ ఆడమ్స్ అనే ఇంకో నిందితుడిని కూడా గ్రిగ్సన్ ప్రమాదకారి అన్నాడు. ఆడమ్స్‌పై తీర్పు రద్దయి 1989లో విడుదలయ్యాడు. 1995లో అసోసియేషన్ గ్రిగ్సన్‌ను బహిష్కరించింది. ఆ తర్వాతా అతను సాక్ష్యాలు చెబుతూనే ఉన్నాడు.

మనకూ ఇది దూరపు సంగతి కాదు. మన సుప్రీంకోర్టు 1980లో ఇచ్చిన బచన్ సింగ్ తీర్పులో, మరణశిక్ష తప్పించగల అంశాల్లో ఒకటి నిందితుడు ఇకపై హింసతో సమాజానికి ముప్పు కాకుండా ఉండే అవకాశం. టెక్సస్ ప్రశ్నే అటునుంచి అడిగినట్టు. 2022లో మనోజ్ కేసులో మన సుప్రీంకోర్టే, మరణశిక్షకు వీలున్న కేసుల్లో నిందితుడి మానసిక స్థితిపై నివేదిక ట్రయల్ కోర్టు దశలోనే రావాలంది. మంచి ఆదేశం. అయితే ఆ నివేదిక రాసే డాక్టరు మనిషిని ఎన్నిసార్లు కలిశాడో, ఏ రికార్డులు చూశాడో, ఏ విషయం తేల్చి చెప్పలేడో అందులోనే రాయాలి. "ఇది నేను చెప్పలేను" అని రాసిన నివేదికను అసంపూర్తి అంటూ కోర్టు వెనక్కి పంపకూడదు.