వార్తల్లో పదం: ఎంటీబీఈ
పూర్తి పేరు మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్. సీసానికి బదులుగా 1979 నుంచి అమెరికా పెట్రోలులో కలిపారు. ఇంజిన్‌కు మేలే, నేలకే చేటు. బంకు కింద పాతిన ట్యాంకు కారితే, పెట్రోలులోని బెంజీన్‌ను సూక్ష్మజీవులు చాలావరకు తినేస్తాయి. ఎంటీబీఈ అంత తేలిగ్గా లొంగదు. నీళ్లలో ఇట్టే కరిగి, భూగర్భజలంతో పాటే సాగిపోతుంది. రవ్వంత కలిసినా టర్పెంటైన్ వాసన.

కాలిఫోర్నియాలోని శాంటా మోనికా 1996లో తన ప్రధాన బావులను ఇందుకే మూసేసింది. ఊరి తాగునీటిలో దాదాపు సగం పోయింది!

శుద్ధి అంటే ముందు పాత ట్యాంకునూ చెడిన మట్టినీ తవ్వి తీయాలి. ఆ తర్వాత నీటిని తోడి, ఉత్తేజిత బొగ్గు గుండా పంపాలి. ఎంటీబీఈ ఆ బొగ్గుకూ సరిగా అంటదు, తరచూ మార్చాల్సిందే. ఖర్చు పెరిగేది అక్కడే. బంకు ఎప్పుడో మూతపడినా తోడటం మాత్రం ఏళ్ల తరబడి ఆగదు.