నొప్పి తగ్గింది సరే... లోపల అతికిందా?

"నొప్పి లేదంటివి గదా బిడ్డా, ఇంకెన్నొద్దులు కుర్సీల కూసుంటవ్?"

మోకాలి ఆపరేషనయి రెండు నెలలు నిండిన కోడలితో అత్తమ్మ అనే మాట ఇది. కబడ్డీ ఆడే అమ్మాయయితే కోచ్ అడుగుతాడు, "వచ్చే నెల టోర్నమెంటుంది, రెడీనా?" అని. ఆమెకూ వెళ్లాలనే ఉంటుంది. కుట్లు మానాయి, వాపు దిగింది, చేతికర్ర లేకుండా నడుస్తోంది. ఇంకేం కావాలి?

కావాల్సింది ఇంకొకటుంది. అది పైకి కనబడదు, నొప్పితో తెలియదు, ఎక్స్‌రేలో పడదు.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆడపిల్లలకు ఆటలు కొత్త కాదు. రెండు పట్టణాల్లోనూ సర్కారు క్రీడా పాఠశాలలున్నాయి. ఊరి బడుల్లోనూ కబడ్డీ, ఖోఖో ఆడతారు. పరుగులో పాదం నేలకు పాతుకుపోయి, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగిందనుకోండి... మోకాల్లో 'టప్'మంటుంది. కాసేపట్లో కాలు కుండలా ఉబ్బుతుంది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి ఆటల్లో అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఈ దెబ్బ రెండు మూడు రెట్లు ఎక్కువగా తగులుతుందని లెక్కలు చెబుతున్నాయి.

"నరం తెగింది" అంటారు మనవాళ్లు. నిజానికి అది నరం కాదు. తొడ ఎముకను, కింది కాలి ఎముకను మోకాలి నడుమ కట్టి ఉంచే తాడు. లిగమెంటు అంటారు. డాక్టరు చీటీలో ఏసీఎల్ అని ఉండేది దీని పేరే. తెగిన కొసలు రెండూ కలిపి కుట్టేస్తే చాలామందిలో నిలవదు. అందుకని తొడ వెనకవైపు నుంచి ఒకటి రెండు టెండన్లు తీసి, మడిచి, పెన్సిలంత లావు తాడుగా చేస్తారు. టెండన్ అంటే కండను ఎముకకు కట్టే తాడు. మడమ పైన వేళ్లతో పట్టుకుంటే గట్టిగా తగులుతుందే, అలాంటిదన్నమాట. పై ఎముకలో, కింది ఎముకలో బెజ్జాలు వేసి, ఆ తాడును దూర్చి, స్క్రూతోనో చిన్న లోహపు బొత్తాంతోనో బిగిస్తారు. మోకాలి చిప్ప కింది టెండన్‌ను రెండు కొసల్లో ఎముక ముక్కలతో సహా తీసి వేసే పద్ధతీ ఉంది. అందులో ఎముకకు ఎముక అతకాలి కాబట్టి కొంచెం త్వరగా, సుమారు ఆరు వారాల్లో పట్టు చిక్కుతుంది. తొడ టెండన్‌కు మాత్రం ఓపిక కావాలి.

నాటు మూన తిరిగినట్టు...

ఆపరేషన్ బల్ల దిగిన రోజున ఆ తాడును ఎముకలో పట్టి ఉంచేది స్క్రూ ఒక్కటే. టెండన్‌కూ బెజ్జం గోడకూ ఇంకా చుట్టరికం కలవలేదు. మొదటి వారాల్లో ఆ సందులో మెత్తటి కణజాలం నిండుతుంది. ఆ తర్వాత ఎముకలోంచి టెండన్‌లోకి సన్నటి పోగులు అల్లుకుంటాయి. 19వ శతాబ్దపు స్కాట్లాండ్ శాస్త్రజ్ఞుడు విలియం షార్పీ పేరు మీద వాటిని షార్పీ పోగులంటారు. బెజ్జం గోడ నుంచి కొత్త ఎముక కూడా లోపలికి పెరుగుతుంది. అప్పుడు గానీ అది అతికినట్టు కాదు.

పొలం పనులు తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నాటేసిన మూడోనాడు వరి మొక్కను లాగితే వేళ్లతో సహా చేతికొస్తుంది. మూన తిరిగాక లాగితే ఆకు తెగుతుందే గానీ వేరు రాదు. అచ్చం ఇలాంటి పరీక్షే అమెరికాలో డాక్టర్ స్కాట్ రోడియో బృందం 20 కుక్కల కాళ్లలో చేసి 1993లో ప్రకటించింది. ఎనిమిదో వారం దాకా ఎప్పుడు లాగినా టెండన్ బెజ్జంలోంచి ఊడి వచ్చింది. పన్నెండో వారానికి అక్కడ ఊడలేదు! మనుషుల్లో ఈ మార్పులు జంతువుల్లో కన్నా నిదానంగా సాగుతాయి.

ఇంకో తిరకాసుంది. నాటిన కొత్తలో నారు పచ్చబడినట్టే ఈ తాడూ మొదట నీరసిస్తుంది. చోటు మారడంతో రక్తం అందక అందులోని కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు వచ్చి దాన్ని మళ్లీ కట్టుకుంటాయి. అంటే నొప్పి తగ్గి, "నాకేం కాలేదు" అనిపించే రెండు మూడు నెలల రోజుల్లోనే తాడు బలహీనంగా ఉంటుంది. నొప్పి చర్మానిది, వాపుది. లోపలి అతుకు గురించి అది ఏమీ చెప్పదు.

చాట ముందు కూర్చునేవాళ్లకు

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, నిర్మల్... ఈ వైపు ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. గంటల తరబడి సక్లముక్లం పెట్టుకునే కూర్చోవాలి. కోడిగుడ్డంత బరువు కూడా ఎత్తని పనే కదా అనుకుంటారు. కానీ మోకాలు పూర్తిగా మడిచి, మెలితిప్పి కూర్చున్నప్పుడు, పైకి లేచేటప్పుడు కొత్త తాడు బెజ్జం మూతి దగ్గర అటూ ఇటూ కదులుతుంది. తాడు ఎంత కదిలితే అతుకు అంత ఆలస్యం. పాతిన గుంజను రోజూ కదిపితే గుంత వెడల్పవదూ! పత్తి ఏరడం, నాటేయడం, గొంతుక్కూర్చుని అంట్లు తోమడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. కింద ఎప్పుడు కూర్చోవచ్చో డాక్టరు నోట అనిపించుకోండి. ఆయనకు మీ పనేమిటో మీరు చెబితేనే తెలుస్తుంది. "ఇంటిపనే" అని ఊరుకోకుండా బీడీలంటే బీడీలని, పత్తి అంటే పత్తి అని చెప్పండి. మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ కొనలేకపోతే నడుమ రంధ్రం చేసిన ప్లాస్టిక్ కుర్చీతోనూ గడుస్తుంది.

పొగాకు మాటా వచ్చింది కాబట్టి... ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో నికోటిన్ ఎక్కినవాటిలో టెండన్ ఎముకకు అతకడం ఆలస్యమైంది. నమిలే అలవాటున్నా, పొగ అలవాటున్నా మానాల్సిందే. షుగరున్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోవాలి.

అలాగని మంచానికి అతుక్కుపోతే మరో చిక్కు. మోకాలు బిగుసుకుపోతుంది, తొడ కండ కరిగిపోతుంది. మొదటి వారం నుంచే కాలు పూర్తిగా చాపడం, తొడ కండ బిగించడం ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. ఉట్నూరు అవతలి గూడెం నుంచి దీనికోసం రోజూ పట్నం రావడమంటే బస్సు చార్జీ, పోయే కూలీ రెండూ లెక్కే. అందుకే చాలామంది మధ్యలో మానేస్తారు. డిశ్చార్జి రోజే ఏ నెలలో ఏ వ్యాయామమో కాగితం మీద రాయించుకుని, వెంట వచ్చినవాళ్ల ముందే ఒకసారి చేసి చూపించుకుంటే చాలావరకు ఇంట్లో చేసుకోవచ్చు.

తొమ్మిది నెలల లెక్క

"వినేశ్ ఫోగట్ ఆడలేదా?" అని అడుగుతారు అమ్మాయిలు. నిజమే. 2023 ఆగస్టులో ఏసీఎల్ ఆపరేషనయి, 2024 ఫిబ్రవరిలో జాతీయ కుస్తీ పోటీల్లో బంగారు పతకం గెలిచింది. ఆగస్టులో ఒలింపిక్స్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆమెకు వెన్నంటి ఉండే ఫిజియోథెరపిస్టున్నారు. మన ఊరి బడి పిల్లకు ఎవరున్నారు? నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 2016లో వెల్లడించిన అధ్యయనం మనకు ఎక్కువ పనికొస్తుంది. తొమ్మిది నెలల దాకా ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగానికి తగ్గిందట. తొమ్మిది నెలలు ఓపిక పట్టడం ఆడవాళ్లకు కొత్తా!

అయితే క్యాలెండరొక్కటే చాలదు. తొడ కండ బలం రెండు కాళ్లకూ పోల్చి చూస్తారు. ఒంటికాలి మీద గెంతించి టేపుతో కొలుస్తారు. ఆపరేషనయిన కాలు రెండోదాంట్లో కనీసం 90 శాతం దూరం గెంతాలి. ఆ కొలత వచ్చేదాకా జట్టు ఆడుతుంటే మన అమ్మాయి గీత బయట కూర్చుని, అదీ కుర్చీలోనే సుమా, పాయింట్లు రాయొచ్చు.