వార్తల్లో పదం: అప్రెంటిస్‌షిప్

ఆర్టీసీ డిపోల్లో డీజిల్ మెకానిక్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ ఖాళీలంటూ ప్రకటన వచ్చినప్పుడల్లా వార్తల్లో కనిపించే మాట ‘అప్రెంటిస్‌షిప్’. ఇది ఉద్యోగం కాదు. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద, నిర్ణీత కాలానికి రాతపూర్వక ఒప్పందంతో, స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవడం.

ఐటీఐలో విడి ఇంజిన్ మీద నేర్చినవాళ్లు డిపోలో మర్నాడు రోడ్డెక్కాల్సిన బస్సు కింద దూరి, సీనియర్ మెకానిక్ పక్కనే బ్రేకులు విప్పి బిగిస్తారు. శిక్షణ ముగిశాక పరీక్ష పాసైతే జాతీయ సర్టిఫికెట్ వస్తుంది. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు ఆ సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే.

అసలు మెలిక ఇక్కడుంది. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణార్థి. భద్రత నిబంధనలు, ప్రమాద పరిహారం వర్తిస్తాయి గానీ ఇతర కార్మిక చట్టాలు వర్తించవు. అమెరికా ఆటో పరిశ్రమలో తీరు వేరు. అక్కడ యూనియన్ ఉన్న కంపెనీల్లో యూనియన్, యాజమాన్యం కలిసి శిక్షణ నడుపుతాయి. అసెంబ్లీ లైన్‌లోని కార్మికుడు యూనియన్ సభ్యుడిగా ఉంటూనే ఎలక్ట్రీషియన్ కావచ్చు.

విజయవాడ ఆటోనగర్ షెడ్లలో మేస్త్రీ దగ్గర పని నేర్చినవాళ్లకు నైపుణ్యం ఉన్నా, చేతిలో సర్టిఫికెట్ కాగితం ఉండదు. 2025 మార్చిలో విజయవాడకు దగ్గర్లోని మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు ప్రారంభమయ్యాక, చుట్టుపక్కల ఐటీఐ యువతకు ఈ మాట మరింత దగ్గరైంది. చేరేముందు ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైందో లేదో తప్పక చూసుకోండి.