మన్యపు తోటలో నారికేళపాకం

మన ఆలంకారికులు కవిత్వపు రుచిని చెప్పవలసి వచ్చినప్పుడు తోటలోనికి వెళ్లినారు. నోట వేసుకొన్నంతనే రసమిచ్చేది ద్రాక్షాపాకం. తొక్క ఒలిచిన పిమ్మట రుచి తెలిసేది కదళీపాకం. పీచు తీసి, పెంకు పగులగొట్టినగాని లోపలి తీపి అందనిది నారికేళపాకం. ఏటేటా తరగతిలో ఈ మూడు మాటలూ చెప్పే నాకు, వాటి అర్థం మరొకసారి బోధపడినది జి.మాడుగుల కొండలలో.

తోటకూ కళకూ చుట్టరికం కొత్తది కాదు. ఫ్రాన్సు దేశంలో బోర్డో ప్రాంతపు షాతో మూతోన్ రోత్‌షీల్డ్ అనే ద్రాక్షతోటవారు 1945 నుండి దాదాపు ఏటేటా ఒక చిత్రకారుని బొమ్మను తమ సీసాలపై అంటించే చీటీమీద అచ్చు వేయిస్తున్నారు. 1973 నాటి చీటీపై పికాసో చిత్రమున్నది. 2009 నాటి చీటీపై మన బొంబాయిలో పుట్టిన అనీష్ కపూర్ చిత్రమున్నది. 1962లో ఆ తోటలోనే ద్రాక్షారసానికి సంబంధించిన కళాఖండాలతో ఒక ప్రదర్శనశాల కూడ వెలసినది. ఇందులో గమనింపదగిన విషయమొకటి ఉన్నది. ఆ చీటీ చేతివెడల్పు కాగితమే అయినా, దాని చిత్రకారుడెవరో లోకానికి తెలుసు.

మన మన్యానికి అటువంటి ఖ్యాతి తెచ్చినది ద్రాక్ష కాదు, కాఫీ. 1898లో బ్రాడీ అనే ఆంగ్లాధికారి పాములేరు లోయలో నాటించిన మొక్కలతో తూర్పు కనుమలలో ఈ పంట మొదలైనదంటారు. నేడు పాడేరు ప్రాంతపు గిరిజనుల తోటలలో సిల్వర్ ఓక్ చెట్టు నీడనిస్తుంది; దాని మానును పెనవేసుకొని మిరియపు తీగ పైకెక్కుతుంది; ఆ రెండింటి క్రింద కాఫీ మొక్క ఎర్రని పండ్లు మోస్తుంది. 2017లో ప్యారిసు నగరంలో అరకు పేరిట కాఫీ అంగడి తెరిచినారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. పంటకు పేరు వచ్చినది. మరి పండించేవారి పాటకూ ఆటకూ ఏమి వచ్చినది?

అరకులో 1996లో ఏర్పడిన గిరిజన ప్రదర్శనశాల ఉన్నది. అది మెచ్చదగిన పని. కొండల అందం చూడవచ్చే యాత్రికులకొరకు విడిదులలో సాయంకాలాలు చలిమంట వేసి, ధింసా ఆడించడం కూడ పరిపాటి అయినది. కళను తోటకు తీసుకొని వచ్చినామని నిర్వాహకుల తృప్తి. ఆ తృప్తిలో నాకూ భాగముండేది.

రెండేండ్ల క్రిందట శీతకాలంలో విద్యార్థులతో అటువంటి ఒక విడిదిలో దిగినాను. చీకటిపడగానే పదునైదుమంది స్త్రీలు వచ్చి, ఒకరి నడుమును ఒకరు చేతులతో చుట్టి, గొలుసుకట్టుగా నిలిచినారు. పగలు పండ్లు కోసిన చేతులే అవి. తుడుము మ్రోగినది, మోరి పలికినది. పాట ఆదివాసీ ఒడియాలో సాగినది. పావుగంటలో ఆట ముగిసినది. యాత్రికులు కొందరు వరుసలో దూరి ఫోటోలు తీసుకొన్నారు. "ఇంతటితో గిరిజన నృత్యం సమాప్తం" అన్నాడు నిర్వాహకుడు. ఆ స్త్రీలలో ఏ ఒక్కరి పేరూ ఎవరూ చెప్పలేదు. నేనూ అడుగలేదు.

మా విద్యార్థులలో జి.మాడుగుల ప్రాంతపు అమ్మాయి ఒకతె ఉన్నది. "ఎట్లా ఉన్నదమ్మా?" అన్నాను. కాసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, "మా అమ్మమ్మ ఆడేదే, మాస్టారూ. కాని మా ఊళ్లో చూసేవాళ్లుండరు, అందరం ఆడేవాళ్లమే" అన్నది.

ఆ మాట వినిన తరువాతనే నాకు ధింసాను గురించి తెలుసుకోవలెనని బుద్ధి పుట్టినది. ధింసా ఒక్క ఆట కాదు. బోడ ధింసా గ్రామదేవత పూజకు ఆడేది. భాగ్ ధింసాలో పులి బారినుండి తప్పించుకొనే తీరు కనబడుతుంది. పొతర్ తోల ఆకులు కోయడాన్ని అభినయించేది. రెండు వరుసలుగా నిలిచి, వెనుకవారు ముందువారి భుజాలపై చేతులుంచి, తలలు ఇటూ అటూ త్రిప్పుతూ అడుగులు వేస్తారు. చైత్రమాసపు పండుగలోనూ, పెండ్లిళ్లలోనూ ఆడుతారు. ఒక ఊరివారు మరొక ఊరికి పోయి, కలిసి ఆడి, కలిసి భుజించే ఆచారానికి సంకిడి కెల్బార్ అని పేరు. ఈ కళకు వేదిక ఊరు, గడియారం ఋతువు, ప్రేక్షకుడు చుట్టం.

ఇంత కథ ఉన్న కళను మనం ద్రాక్షపండువలె నోట వేసుకొని పోతున్నాము. నిజానికి అది నారికేళపాకం. పగులగొట్టవలసిన పెంకు, మన అజ్ఞానం.

ఆ పెంకు పగులగొట్టే దారి చూపినవాడు మన తెలుగు ఉపాధ్యాయుడే. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా బడిపిల్లలకు కూడ తెలుసు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండి సవర భాష నేర్చుకొన్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాసినారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువరించినారు. కొండవారికి నేర్పుటకు ముందు వారివద్ద నేర్చుకొన్నారు. తరువాత ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండదొరల కూబి భాషను పరిశోధించి 1969లో గ్రంథం ప్రకటించినారు. వీరిరువురూ గిరిజనుల మాటను వేడుకగా చూడలేదు, విద్యగా చూచినారు.

కనుక కాఫీతోటలకు కళను తేదలచినవారు చేయవలసినది కష్టమైన పని కాదు. ఆట మొదలుపెట్టకముందు అది ఏ ధింసాయో, ఏ సందర్భానిదో, పాట భావమేమో రెండు మాటలు చెప్పవచ్చు. ఆడేవారి పేర్లు, ఊరి పేరు పలుకవచ్చు. ఏ ఆట బయటివారికి చూపదగినది, ఏది దేవత గుడివద్దనే ఉండదగినది అన్న నిర్ణయం ఊరి పెద్దలకే విడువవచ్చు. ప్రతిఫలం వారడిగినంత ఈయవచ్చు.

మన్యపు బడులలో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులు చేయదగినది మరొకటి ఉన్నది. సెలవులలో ప్రతి పిల్లవానిచేత ఇంటి ముసలమ్మ పాట ఒకటి, ఆమె పేరుతో సహా వ్రాయించండి. ఆ భాషకు లిపి లేదని సంకోచింపనక్కరలేదు; తెలుగు లిపి చాలును. అమ్మమ్మ వెళ్లిపోయిన తరువాత ఆ పాట ఏ ప్రదర్శనశాలలోనూ దొరకదు.

మా విద్యార్థిని ఆ పని మొదలుపెట్టినది. మొన్న ఒక నోటుపుస్తకం తెచ్చి చూపినది. మొదటి పుటలో పాట లేదు. అమ్మమ్మ పేరు ఉన్నది.