కాలిబంతి యాట – కడపటి బస్సు

కాలిబంతి యాటను గూర్చి యొక గృహిణి వ్రాయుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నేనును మొన్నమొన్నటివఱకు అట్లే నవ్వుకొనుచుంటిని. అది మా యింటివారు బడిలో పిల్లలచేత ఆడించు ఆట యనియు, మోకాళ్లు చీరుకొని వచ్చిన పిల్లలకు పసుపు పూయుట మాత్రమే నా వంతనియు తలచియుంటిని. గడచిన మాఘమాసమున, రథసప్తమి దాటిన నాలుగవనాడు, నా తలంపు మారినది.

మా కంబదూరు అనంతపురము జిల్లాలో కల్యాణదుర్గమునకు ఆగ్నేయమున నున్న మెట్టసీమ. పాతకాలపు శివాలయములు, ఎఱ్ఱమన్ను, శెనక్కాయ చేలు, మబ్బును వెదకు కన్నులు – ఇవియే మా యూరి సొత్తు. జిల్లాలో ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను పైరు వాడుచున్నపుడు పడునను నమ్మకము లేదు. పంట తీసిన పిదప బీడుగా నుండు చేనే మా యాడపిల్లలకు క్రీడాంగణము. ఇరుప్రక్కల రెండేసి ఱాళ్లు పెట్టి, వానినే గోలు స్తంభము లనుకొని, ప్రొద్దు వాలునప్పుడు ఆడుచుందురు. ఈ యాటకు పచ్చిక తప్పదని పుస్తకములలో నుండును గాని, మా పిల్లల కా సంగతి ఎవ్వరును చెప్పలేదు.

మా జిల్లాకు ఆటలు క్రొత్తవి కావు. స్పెయిను దేశమునుండి వచ్చిన విన్సెంటు ఫెర్రరుగారు 1969లో అనంతపురమున నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు తరువాతి కాలమున అచట నొక క్రీడాగ్రామమును కట్టి, పల్లెపిల్లలకు కాలిబంతి, హాకీ, క్రికెట్టు మొదలగునవి నేర్పించిరి. 2010లో రఫాయెల్ నదాల్ పేర అచటనే టెన్నిసు బడియు వెలసినది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్టు పోటీలలో పెక్కింటికి ఆ మైదానము వేదిక యయ్యెను. నేను చెప్పబోవు మైదానము అది కాదు. వేఱొక పట్టణమున నున్నది. దాని పేరుగాని, పోటీ నడపినవారి పేరుగాని చెప్పను. చెప్పి కొట్లాడుట నా యుద్దేశము కాదు.

మా పిల్లలు పదునలుగురు, వారి తల్లులలో నైదుగురు, నేను, మా యింటివారు ఉదయమే బస్సెక్కితిమి. 2025 ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రమున స్త్రీశక్తి పథకముచే ఆడువారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో ప్రయాణము ఉచితమైనది గదా. అందఱిలోను మా యింటివారొక్కరే టిక్కెట్టు కొనవలసి వచ్చెను. వారు సంచిలోని చిల్లర వెదకుకొనుచుండగా బస్సంతయు నవ్వినది. ఈ పథకము లేనిచో ఆ తల్లులలో నొక్కరైనను వచ్చియుండరు. వారిలో నిద్దఱు ఉపాధి పనికి పోవువారు. ఆనాటి కూలి పోగొట్టుకొని వచ్చిరి. దానిపై బస్సుకూలి కూడ నెక్కడ తెత్తురు?

ఆట మధ్యాహ్నము రెండు గంటలకని కాగితమున నుండెను. మేము పండ్రెండింటికే చేరితిమి. మైదానమునకు ఒక ప్రక్క షామియానా, దానిక్రింద గుడ్డ తొడిగిన కుర్చీలు, అవి అతిథులకు. తక్కిన మూడు ప్రక్కల మెట్లు గలవు గాని నీడ లేదు. రథసప్తమి దాటినది మొదలు మా సీమలో ఎండ ముదురును. ఆ సిమెంటు మెట్లపై చీర మడత వేసికొని కూర్చున్నను కాలుచునే యుండెను. త్రాగునీటి కొక డ్రమ్ము, దానికి గొలుసుతో కట్టిన యొక గ్లాసు. మగపిల్లలు దానిచుట్టు గుమిగూడియుండ, మా యాడపిల్లలు వెనుక నిలిచి నిలిచి తిరిగివచ్చిరి.

మరుగుదొడ్లు రెండు గలవు. ఒకటి పురుషులది, దానిని గూర్చి దూరమునుండియే తెలిసినది. రెండవదానిపై స్త్రీబొమ్మ చక్కగా వ్రాసియుండెను, తలుపునకు బీగము. కావలివాని నడుగగా, ‘‘బీగంచెవి పెద్దసార్ల దగ్గర ఉండాదమ్మా, గెస్టులొస్తే తీస్తారు’’ అని మర్యాదగానే చెప్పెను. అతని తప్పేమున్నది? తెఱచియుంచిన పాడగునని పైవారు బీగము వేయించిరట. పాడగునని వాడనీయక యుంచిన వస్తువు బాగుగా నున్నదని సంతోషింపవలయును కాబోలు!

అప్పుడు నేను గమనించిన దొకటి గలదు. మాతో వచ్చిన తల్లులలో నెవ్వరును ఉదయమునుండి నీళ్లు త్రాగలేదు. అడిగితిని. ‘‘యాడికి పోయినా అంతే గదా అయివారమ్మా, తాగకుండా ఉంటే పోలా?’’ అని యొకామె అనెను. అంతతో నాగిన బాగుండును. ఆటకు దిగవలసిన పిల్లలును తల్లులను చూచి నీళ్లు మానిరి. ఇద్దఱు పెద్దపిల్లలకు ఆ దినము మానుటకు వేఱు కారణముకూడ నుండెను. చదువుచున్న మీరందఱు స్త్రీలు గనుక వివరింప నక్కఱలేదు.

రెండు గంటల యాట నాలుగుంబావుకు మొదలయ్యెను. ముఖ్య అతిథి రావలసి యుండెనట. వచ్చిన పిదప శాలువలు, పూలదండలు, క్రీడలవలన ఆరోగ్యము కలుగునని యొక ఉపన్యాసము. పిల్లలు రెండు వరుసలుగా ఎండలో నిలిచి ఆరోగ్యమును గూర్చి వినిరి.

ఆట మాత్రము, సోదరీమణులారా, నేను మఱువలేను. నాకు నియమములు తెలియవు. మా యింటివారు ప్రక్కనుండి చెప్పుచుండిరి. కాని మన పిల్ల బంతిని కాలికి అంటించుకొన్నట్లు తీసికొని పోవుచుండగా నియమములతో పనియేమి? కూలిపనికి పోవు తల్లులు మెట్లపై లేచి నిలిచి, కొంగు నడుమునకు బిగించి, పొలములో పిలిచినట్లు పేర్లుపెట్టి కేకలు వేసిరి. రెండవ భాగమున, మా వైపు నడుమ నాడు పిల్ల పిక్కలు పట్టుకొని క్రింద పడినది. పెదవులు తెల్లబడినవి. నీరు లేక కండరములు బిగుసుకొనుట అది. ఎండలో చెమటతోపాటు ఉప్పును పోవును, ఉదయమునుండి గ్రుక్కెడైన త్రాగని శరీరము ఎంతకని తాళును? మా యింటివారు పరుగున పోయి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు త్రాగించిరి. ఆ నీళ్లు మైదానము వెలుపలి టీకొట్టులోనివి.

చిన్ననాట మా తండ్రిగారు నాకు భారతము చెప్పిరి. ఆదిపర్వమున ద్రోణుడు కురుకుమారుల విద్యాప్రదర్శనమునకు రంగము కట్టించునపుడు, శిల్పులు స్త్రీలు కూర్చుండుటకు ప్రత్యేకముగా ప్రేక్షాగృహము నిర్మించిరి. గాంధారియు కుంతియు అచటనే యుండిరి. కర్ణుని చూచి కుంతి మూర్ఛపోయినపుడు విదురుడు చందనము కలిపిన నీళ్లు చల్లించి తేర్చెను. ఆ ఘట్టమును ఎన్నిమాఱులు చదివినను నా చూపు కర్ణునిపైననే యుండెడిది. ఆ దినమున మెట్లపై కూర్చుండి మొదటిసారి నేను ఆ నీళ్లను గూర్చి యాలోచించితిని. అనగా రంగములో స్త్రీలకు చేరువనే నీళ్లు సిద్ధముగా నుండెను గదా!

ఆట సమానముగా ముగిసి, పెనాల్టీలకు పోయెను. మా గోలుకీపరు రెండింటిని ఆపినది. మనవారు గెలిచిరి. ఆఱుంబావు దాటినది, మా వైపు పోవు కడపటి బస్సు ఆఱింటికే వెళ్లినది. బస్సును నిందింపను, అది తన వేళకు పోయినది. వేళ తప్పినది ఆట. ఛార్జీ లేకుండుట గొప్ప సంగతియే. కాని వెళ్లిపోయిన బస్సులో ఉచితముగానైనను ఎక్కలేము.

చీకటిలో రోడ్డుప్రక్క ఇరువదియొక్కమందిమి నిలిచితిమి. గెలిచిన సంతోషమున పిల్లలు పాడుచుండిరి, తల్లులు పాడలేదు. మోటారుబండ్లపై పోవువారు నెమ్మది చేసి చూచి పోవుచుండిరి. ఎనిమిది దాటిన పిదప, టమాటాలు దింపి తిరిగి పోవు వ్యానువాని నొకని మా యింటివారు బతిమాలి ఒప్పించిరి. ఖాళీ బుట్టల నడుమ కూర్చుండి వచ్చితిమి. ఊరు చేరునప్పటికి పదునొకండు. గోలుకీపరు తండ్రి దావలో నిలిచియుండెను. ఏమియు ననలేదు. ఆ యనకుండుటయే నాకు భయము కలిగించెను.

ఇది పల్లెవారి కష్టము మాత్రమే యనుకొనరాదు. కాలిబంతిలో తెలుగునేలకు గొప్ప చరిత్ర గలదు. హైదరాబాదు నగర పోలీసుల జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచినది. ఆ జట్టును తీర్చిన సయ్యదు అబ్దుల్ రహీముగారు మొదట బడిపంతులు. ఈ మాట నాకు మిక్కిలి ప్రియము, ఏలయో మీరే యూహింపుడు. ఆయన శిక్షణలో భారతజట్టు 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తాలో దక్షిణకొరియాను 2–1తో గెలిచి ఆసియా స్వర్ణపతకము తెచ్చెను. అట్టి నగరమున 2019లో హైదరాబాదు ఎఫ్.సి. యను జట్టు పుట్టి, గచ్చిబౌలి మైదానమును తన యిల్లు చేసికొనెను. కరోనావలన రెండేండ్లు ఆటలన్నియు గోవాలోనే జరిగినవి. 2022 మార్చి 20న ఆ జట్టు దేశపు సూపరులీగు కప్పును గెలిచినదియు గోవాలోనే. సొంతయూరి అభిమానులలో పెక్కుమంది దానిని టెలివిజనులోనే చూచిరి. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి పేరుకూడ మార్చుకొనెను. ఆట చూడబోవుటకు త్రోవ కష్టమని గొణుగుకొనుటకైనను జట్టు మిగులవలయును గదా.

త్రోవ, ద్వారము, గుంపు – ఇవి చిన్నవిషయములు కావు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల యాటనాడు జరిగిన తొక్కిసలాటలో 16 మంది చనిపోయిరి. 2025 జూన్ 4న మనకు దాపుననే యున్న బెంగుళూరులో క్రికెట్టు గెలుపు నుత్సవముగా చూడవచ్చి చిన్నస్వామి మైదానపు ద్వారములకడ 11 మంది ప్రాణములు విడిచిరి. అచట కూర్చుండుటకు స్థలము సుమారు 35 వేలమందికి, వచ్చినవారు లక్షలు.

ఇక స్త్రీలు ఆట చూడరని, చూచినను కొలదిమందియే యని చెప్పువారు గలరు. 1920 డిసెంబరు 26న ఇంగ్లండులో లివర్‌పూలునందలి గుడిసన్ పార్కున డిక్ కెర్ కర్మాగారపు స్త్రీలజట్టు ఆడగా 53 వేలమంది చూచిరి. మఱుసటి సంవత్సరము డిసెంబరులోనే అచటి కాలిబంతి సంఘమువారు తమ మైదానములలో స్త్రీలు ఆడరాదని నిషేధించిరి. ఆట స్త్రీలకు తగదట! ఆ నిషేధము తొలగుటకు సుమారు ఏబది యేండ్లు పట్టెను. ఇరానులో స్త్రీలు మైదానమున పురుషుల యాట చూచుటకే దశాబ్దములు ఎదురుచూచిరి. 2019 అక్టోబరు 10న టెహరాను ఆజాదీ మైదానమునకు టిక్కెట్టు కొని వచ్చిన మూడువేలకు పైబడిన స్త్రీలు తమజట్టు కంబోడియాపై 14 గోలులు కొట్టుట చూచిరి. మన దేశమున అట్టి నిషేధము లేదు. బీగము మాత్రమే యున్నది.

చేయదలచిన చేయవచ్చును. 2022లో ఖతారు దేశమున ప్రపంచకప్పు జరిగినపుడు ఆట చూడవచ్చినవారికి మెట్రోరైలు, బస్సులు ఉచితముగా నడపిరి. అది ధనికదేశము, మనమంత చేయలేము. కాని తాళపుచెవికి పెట్రోలుబావులు కావలయునా?

మఱునాడు సాయంకాలము గోలుకీపరు తల్లి మా యింటికి వచ్చెను. పిల్ల బూట్లు చేత నుండెను. ‘‘అయివారమ్మా, ఆట తప్పని నేననలేదు. మా పాప బంతి పట్టినప్పుడు నేనే ఎక్కువగా అరిచినాను. కానీ పొద్దు మునిగినాక ఆడబిడ్డను దావలో పెట్టుకోని నిలబడేది మా చేత కాదు. ఆయప్ప రాత్రంతా నిద్దర పోలేదు. ఈ బూట్లు ఇంకెవరికైనా ఇయ్యండి’’ అనెను. నేను బూట్లు తీసికొనలేదు. ‘‘నెలదినములు నీదగ్గఱనే యుండనిమ్ము, తల్లీ’’ అంటిని. తరువాతి యాట నెలకు గలదు, అదే మైదానము. ఆమె కూతురు లేక మన పిల్లలు గెలువలేరని తెలిసియు ఆ మాట నేననలేదు. అది ఆ బిడ్డపై మోపదగిన బరువు కాదు.

ఆ రాత్రి మా యింటివారు పోటీ నడపువారికి ఉత్తరము వ్రాసిరి. మొదటి చిత్తులో ‘‘తగు సౌకర్యములు కల్పింపగోరుచున్నాము’’ అని యుండెను. నేను దానిని కొట్టివేయించి ఉన్నది ఉన్నట్లు వ్రాయించితిని: ఆట ఉదయము తొమ్మిదింటికి మొదలు కావలయును, అతిథి వచ్చినను రాకున్నను మొదలు కావలయును, స్త్రీల మరుగుదొడ్డి తెఱచి, లోపల నీళ్లుంచి, తాళపుచెవి వచ్చిన జట్టు ఉపాధ్యాయుని చేతికో తల్లులలో నొకరికో ఈయవలయును, ఆడపిల్లలకు వేఱుగా రెండు బిందెల నీళ్లు. ఐదుగురు తల్లులును సంతకములు చేసిరి. వారిలో నొకామె వ్రేలిముద్ర వేసినది.

ప్రత్యుత్తరము వచ్చినది. ఆట ఉదయము తొమ్మిదింటికే జరుగునట. నీళ్లకు ఒప్పుకొనిరి. తాళపుచెవిని గూర్చి ఏమియు వ్రాయలేదు, మఱల వ్రాసితిమి. గోలుకీపరు తల్లికి ఆ కాగితము చదివి వినిపించితిని. ఆమె రెండుమాఱులు చదివించుకొని, ‘‘చెవి సంగతి రానీ, చూస్తాం’’ అనెను. బూట్లు వారి యింట చూరునకు వ్రేలాడుచున్నవి. నిన్న అటు పోవుచు చూచితిని, ఎవరో వానికి నూనె రాచియున్నారు.